శుక్రవారం పాలగ్లాసు

గ్రైండరు గిన్నె ఎత్తడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదనుకున్నాను. మూడు గ్లాసుల మినప్పప్పు పిండి, అందులో రాయి, అంతే కదా! బహ్రెయిన్ వచ్చిన దగ్గర్నుంచీ ఆ గిన్నె నేనే ఎత్తుతున్నాను, నేనే కడుగుతున్నాను. జూన్ మొదట్లో ఒక శనివారం పొద్దున దాన్ని గట్టు మీంచి సింకులోకి దించబోతే, నడుముకి కాస్త పైన, లోపలెక్కడో ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది. గిన్నె సింకులో పడింది. నేను పడలేదు. గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అరుద్దామంటే ఊపిరి అందలేదు.

"ఏంటా చప్పుడు?" అంటూ మా ఆయన హాల్లోంచి పరుగున వచ్చారు.

"ముట్టుకోకండి," అన్నాను.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయనతో ఆ మాట అలాంటి గొంతుతో ఎప్పుడూ అనలేదు. ఆయన చాచిన చేతులు చాచినట్టే ఆగిపోయాయి. గోడ మీద చిందిన పిండి మెల్లగా కిందికి జారుతోంది. ఆ నొప్పిలోనూ నాకు ముందు తోచింది ఏమిటంటే, అది ఎండిపోతే గోకినా రాదు కదా అని. ఆడదాని బుద్ధి ఎక్కడికి పోతుంది!

మా ఆయన భీమేశ్వరరావు గారు హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో స్టోర్స్ మేనేజరు. బోల్టు దగ్గర్నుంచి లంగరు దాకా ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. ఇంట్లో మాత్రం ఆయన కళ్ళజోడు నేనే వెతికిపెట్టాలి. అంతకుముందు చలికాలంలో, మేముండే రిఫా ఫ్లాట్ల కింద కారు దిగుతూ నేను కాలు జారి చెయ్యి ఆన్చితే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు. కట్టు కట్టి, వారానికో మాత్ర రాసిచ్చారు. అప్పట్నుంచి ఆ మాత్ర బాధ్యత ఆయనది. ఏ వారం మరిచిపోయింది లేదు. మరి వెన్నుపూస ఎందుకు విరిగిందో మా ఇద్దరికీ అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది డాక్టర్ లుల్వా.

ఆవిడ ఈ దేశపు మనిషే. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా మొహం చూసి హిందీలోకి దిగుతారు. కంప్యూటర్లో నా వెన్నెముక ఫోటో చూపించారు. ఒక పూస ముందువైపు నొక్కుకుపోయి ఉంది. దానికి రెండు పూసల పైన ఇంకోటి.

"ఇది ఇప్పుడు విరిగింది. పైది మీకు తెలియకుండా ఎప్పుడో విరిగింది," అన్నారు. "మాత్ర మానెయ్యలేదు కదా?"

"ఒక్క వారం కూడా తప్పలేదు డాక్టర్," ఆయనే జవాబిచ్చారు. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ప్రతి శుక్రవారం ఈవిడ లేవగానే నా చేత్తో నేనే ఇచ్చాను. పరగడుపునే. పాలతో."

"దేంతో?"

"పాలతో. గోరువెచ్చటి పాలు, పెద్ద గ్లాసుడు."

డాక్టరమ్మ మౌస్ మీంచి చెయ్యి తీసేశారు. మమ్మల్ని ఇద్దర్నీ ఒకసారి మార్చి మార్చి చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది.

"పాలల్లో ఉండే కాల్షియం ఆ మాత్రని పట్టేసుకుంటుంది. ఒంటికి అందనివ్వదు. మంచినీళ్ళతో తప్ప దేంతోనూ వేసుకోకూడదు. ఇన్ని నెలలూ మీరు వేసుకున్నది దాదాపు వేసుకోనట్టే," అన్నారు.

నేను ఆయనవైపు చూడలేదు. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది, పక్క కుర్చీలో మనిషి కూలబడిపోయాడని.

నిజం చెప్పాలి కదా. మొదటి శుక్రవారం నీళ్ళతోనే ఇచ్చారు. మందుల షాపులో అలాగే చెప్పి పంపారు. నాకు గుండెల్లో మంట పుట్టి, "ఈ మాత్ర వేడి చేస్తోందండీ," అని సతాయించాను. మరుసటి శుక్రవారం పాలగ్లాసుతో నిలబడ్డారు. "ఎముకల మందుకి పాలకంటే మంచిదేముంది శారదా! వేడికి వేడీ తగ్గుతుంది, బలానికి బలమూ వస్తుంది," అన్నారు. నాకూ అదే సబబుగా తోచింది. మన వాళ్ళలో ఎవరినడిగినా అదే చెబుతారు. మంట నిజంగానే తగ్గింది కూడా. ఇక్కడ శుక్రవారం సెలవు కదా, అయినా ఇంకాసేపు పడుకోకుండా లేచి, పాలు కాచి, మీగడ తీసి, చల్లార్చి తెచ్చేవారు. పెళ్ళైన కొత్తలో కూడా నాకంత సేవ జరగలేదు.

"ఇంక ఆ మాత్ర సంగతి మరిచిపోండి," అన్నారు డాక్టరమ్మ. "వెన్నులో రెండు పోయాయి. మూడోది పోకుండా చూడాలి. దారులు రెండున్నాయి. ఒకటి, ఆర్నెల్లకో ఇంజెక్షన్. మేమే వేస్తాం. బాగా పనిచేస్తుంది. కానీ మొదలుపెడితే ఆపకూడదు, వాయిదా వెయ్యకూడదు. ఆపితే, అంతకాలం ఆగిన నష్టం ఒక్కసారిగా మీద పడుతుంది. పూసలు వరసగా విరిగినవాళ్ళని చూశాను. రెండోది, రోజూ పొట్ట మీద చిన్న సూది. మీరే వేసుకోవాలి, రెండేళ్ళపాటు. కొత్త ఎముకని కడుతుంది. ఎప్పుడైనా ఒక రోజు తప్పినా ప్రమాదం లేదు. రెండేళ్ళయ్యాక, కట్టింది నిలబడ్డానికి ఏడాదికోసారి సెలైన్లో ఎక్కించే మందు ఇస్తాం."

సూదా, నేనా! రక్తపరీక్షకే మొహం గోడవైపు తిప్పుకుని కూర్చునే మనిషిని నేను.

"ఇంకో మాట. మీకు విటమిన్ డి బొత్తిగా లేదు. అది పెరిగేదాకా ఏదీ మొదలుపెట్టను. జులై ఆఖరుకి రండి. ఈలోగా ఆలోచించుకోండి." అని, ఆయనవైపు తిరిగి మామూలుగా అడిగారు. "ఆర్నెల్లదైతే రెండోది జనవరిలో పడుతుంది. జనవరిలో మీరెక్కడుంటారు?"

"ఇక్కడే. ఇంకెక్కడుంటాం?" అన్నారాయన. ఆ మాట మరీ తొందరగా వచ్చింది.

ఇంత ఎండ కాసే దేశంలో ఎండ విటమిన్ లేదట నా ఒంట్లో! ఉంటే కదా విడ్డూరం. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, ఏసీ కారులోంచి ఏసీ షాపులోకి. మధ్యలో మన మీద పడే ఎండ ఎంతని?

ఆ వేసవి మా ఇల్లు ఇల్లులా లేదు. నడుముకి పట్టీ బిగించి నేను కుర్చీలో, నా చుట్టూ ఆయన కాపలా. గ్రైండరు అటక మీదికెక్కింది. బాత్రూంలో రబ్బరు చాపలు పడ్డాయి. తుమ్ము వస్తుంటే నాకే భయమేసేది, ఎక్కడ ఏది విరుగుతుందోనని. నేను తుమ్మితే ఆయన పక్కగదిలోంచి "శారదా?" అని కేకేసేవారు. నొప్పికంటే ఆ కేక నన్ను ఎక్కువ బెదరగొట్టేది.

ఇంకొకటి. మా ఇంట్లోకి పాలు రావడం ఆగిపోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు, కొనడం మానేశారంతే. కాఫీ తాగందే కళ్ళు తెరవని మనిషి పొద్దున్నే పాలు లేని సులైమానీ చాయ్ పెట్టుకుని, మొహం చిట్లించి తాగుతున్నారు. "ఇదేం శిక్షండీ మీకూ నాకూ?" అని అడిగితే గ్లాసు కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళిపోయారు.

"ఆర్నెల్లదే వేయించుకుందాం," అన్నారొకరోజు భోజనాల దగ్గర.

"ఎందుకూ?"

"అందులో మనం చెడగొట్టడానికేం లేదు. వాళ్ళే ఇస్తారు. చెయ్యి చాపితే చాలు."

"ఆపకూడదన్నారుగా."

"ఎందుకాపుతాం?"

ఎందుకాపుతామో ఇద్దరికీ తెలుసు. ఆయన కాంట్రాక్టు రెండేళ్ళకోసారి సెప్టెంబరులో పొడిగిస్తారు. పొడిగించకపోతే ఈ దేశం విడిచి వెళ్ళాల్సిందే. వచ్చినప్పట్నుంచీ "ఇంకో రెండేళ్ళు" అనుకుంటూ ఇక్కడే జుట్టు నెరిసింది మాకు. ఈ ఏడు యార్డుకి కొత్త యాజమాన్యం వచ్చింది. అరవై దాటినవాళ్ళని ఒక్కొక్కర్నీ సాగనంపుతున్నారని ఊరంతా అనుకుంటున్నారు. ఆయనకి అరవై దాటాయి. ఆ మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే నిజమైపోతుందన్నట్టు ఇద్దరం నోరు కట్టేసుకుని తిరుగుతున్నాం.

"రోజూ సూది నీవల్ల కాదు," అని ఆయనే తేల్చేశారు. "నీ సంగతి నాకు తెలీదా!"

నా ఒళ్ళు మండిపోయింది. అయినా ఏమనగలను? నా పిరికితనం నాకు తెలియనిదా.

కింది ఫ్లాట్లో బిల్కీస్ ఉంటుంది. జగిత్యాల వైపు మనిషి. వాళ్ళాయన జహంగీర్ మా ఆయన యార్డులోనే స్టాఫు బస్సు నడుపుతాడు. నేను వంగలేనని తెలిసిన దగ్గర్నుంచి ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం పైకొచ్చి, వద్దంటున్నా వినకుండా ఇల్లు ఊడ్చిపోతోంది. ఒకరోజు అన్నం టిఫిన్ కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

"అక్కా, ఈడనే తింట. ఇంట్ల ఒక్కదాన్నే బోర్ కొడ్తంది," అని కూర్చుని, పర్సులోంచి పెన్నులాంటిది తీసింది. కుర్తా అంచు పైకెత్తి, పొట్ట పట్టుకుని, "గీ ఎండలకు మా బాల్కనీల కరివేపాకు మొత్తం మాడిపాయెనక్కా," అంటూనే టక్కున గుచ్చేసుకుంది.

"అయ్యో! ఏంటే అది?"

"ఇన్సులినక్కా. షుగర్ లేదా నాకు?" దూది కూడా పెట్టుకోలేదు. టిఫిన్ మూత తీసి కలుపుకుంటోంది.

"నొప్పెయ్యదూ?"

"దాని దిక్కు సూస్కుంట కూసుంటే నొప్పే. వేరే ముచ్చట వెట్టుకోవాలె. మొదటిరోజు నేను గూడ మస్తు ఏడ్సిన. జహంగీర్ ఇస్తనన్నడు. వద్దన్న. ఆయన డ్యూటీకి వోతే నాకెవలిస్తరు?" ఒక ముద్ద తిని, నావైపు చూడకుండా అంది. "అక్కా, సారు ఏమన్న చెప్పిండా?"

"దేని గురించి?"

"మా ఆయన అంటుండు. ఆఫీసు సార్లల్ల నలుగురిని ఖలాస్ అన్నరంట. సారు పేరు ఇంక రాలేదంట గని..."

"మీ సారు చెప్పే మనిషా, బిల్కీస్!" అని మాత్రం అన్నాను.

ఆ వారమంతా ఆయన్ని గమనిస్తూ కూర్చున్నాను. డ్యూటీ నుంచి వచ్చి, కారు కింద ఆపాక కూడా చాలాసేపు దిగేవారు కాదు. కిటికీలోంచి నాకు కనబడేది. పైకొచ్చాక మాత్రం "ఏంటి విశేషాలు?" అని నవ్వు మొహం పెట్టేవారు. నేనూ నవ్వేదాన్ని. అడగలేక, ఊరుకోలేక చచ్చాను.

జులై ఆఖరున ఒక పొద్దున, "పద, పోయినవారం ఇచ్చిన రక్తం చాల్లేదట. విటమిన్ పరీక్షకి మళ్ళీ ఇచ్చి వద్దాం," అన్నారు. సరేనని బయల్దేరాను. కారు గుంతలో పడకుండా దారంతా నత్తనడక నడిపించారు. వెనకనుంచి హారన్లు కొడుతున్నా లెక్కచెయ్యలేదు.

ఆస్పత్రిలో నన్నొక చిన్నగదిలో కూర్చోబెట్టారు. మలయాళీ నర్సు ఒకావిడ ట్రేతో వచ్చింది. పేరు అడిగింది, పుట్టినతేదీ అడిగింది. నేను అలవాటుగా మొహం గోడవైపు తిప్పుకుని చెయ్యి చాపాను.

"పరీక్షలో విటమిన్ బాగానే పెరిగింది మేడం. ఇవాళ ఆర్నెల్ల ఇంజెక్షన్, కదా?" అంది హిందీలో.

నేను మొహం ఇటు తిప్పాను. ట్రేలో రక్తం తీసే గొట్టాలేం లేవు. మందు నింపిన సిరంజి ఒకటుంది. పోయినవారం తీసిన రక్తానికే ఫలితం వచ్చేసిందన్నమాట!

చాపిన చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "ఎవరు చెప్పారు?"

నర్సు మా ఆయనవైపు చూసింది. ఆయన నేలవైపు చూశారు.

"మాట్లాడుకున్నాం కదా శారదా," అన్నారు.

"మీరు మాట్లాడారు. నేను విన్నాను."

"నీకు భయమని, ముందే చెబితే రావని..."

"ఒళ్ళు నాది! విరిగింది నా వెన్ను!" అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. నడుంలో కలుక్కుమంది. అయినా ఆగలేదు. "పాలు పోసింది మీరని, దానికి పరిహారం నా ఒంటి మీదే, నన్నడక్కుండానే చేసేస్తారా?"

ఆయన మొహం తెల్లబోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది. కానీ అది నిజం. అన్నాక నాకు ఊపిరి సరిగా ఆడింది.

నర్సు ట్రే బల్లమీద పెట్టి బయటికెళ్ళి, డాక్టరమ్మని తీసుకొచ్చింది. ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మీరు ఒప్పుకున్నారని మీ ఆయన ఫోన్లో చెప్పారే," అన్నారు నాతో.

"డాక్టర్, ఆరోజు ఈయన్ని ఒక ప్రశ్న అడిగారు," అన్నాను. "మళ్ళీ ఒకసారి అడగండి."

ఆవిడకి గుర్తుంది. "జనవరిలో ఎక్కడుంటారు?"

ఆయన నోరు తెరిచారు. "ఇక్క..." అని ఆగిపోయారు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"తెలీదు," అన్నారు. తెలుగులోనే అన్నారు. తర్వాత ఇంగ్లీషులో మళ్ళీ చెప్పారు. "నాకు తెలీదు డాక్టర్. సెప్టెంబరు తర్వాత ఎక్కడుంటామో నాకు తెలీదు."

నర్సు ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

"అయితే రోజూ సూదే," అన్నాను నేను.

"భయం లేదా?" అడిగారు డాక్టరమ్మ.

"చచ్చేంత ఉంది. కానీ అది నా చేతిలో ఉంటుంది. నేను ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో వేసుకుంటాను."

ఆవిడ నవ్వలేదు. తల ఊపి రాయడం మొదలుపెట్టారు. ఫ్రిజ్‌లో పెట్టాలనీ, మొదట్లో కళ్ళు తిరగచ్చు కాబట్టి కూర్చునే వేసుకోవాలనీ, రెండేళ్ళయ్యాక ఎక్కడున్నా సరే ఆ సెలైన్ మందు మరవకూడదనీ ఒకటికి రెండుసార్లు చెప్పి, నాచేత తిరిగి చెప్పించుకున్నారు. ఈసారి ఆయన మాట కలపలేదు.

కారులో ఇంటికి బయల్దేరాం. రిఫా మలుపు దగ్గర సిగ్నల్ పడింది.

"వాళ్ళు ఇంకా ఏం చెప్పలేదు శారదా," అన్నారు. "నా పని అంతా ఒక కుర్రాడికి నేర్పమన్నారు. నేర్పుతున్నాను." ఆకుపచ్చ లైటు పడినా కారు కదల్లేదు. "నేనే విరిచాను నీ నడుం."

"గ్రైండరు గిన్నె విరిచింది," అన్నాను. "మీమీద నాకు కోపం పాలకి కాదు. ఇన్నాళ్ళూ కింద కార్లో కూర్చుని, పైకొచ్చి నవ్వినందుకు. ఇవాళ అబద్ధం చెప్పి తీసుకొచ్చినందుకు. ముందు కారు కదపండి, వెనక ఎవరో తిడుతున్నారు."

కదిపారు. కళ్ళు తుడుచుకుంటూనే కదిపారు.

మర్నాడు డ్యూటీకి వెళ్ళినవారు పెందలాడే ఇంటికొచ్చేశారు. తనంతట తనే మేనేజ్‌మెంట్ గది తలుపు తట్టి అడిగారట, నా సంగతేమిటని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎవర్నీ ఏదీ అడిగి ఎరగరు. డిసెంబరు ఆఖరుదాకా ఉండమన్నారట, ఆ తర్వాత ఖలాస్. నాకు ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఆ ట్రేలో మందు నాకు ఎక్కించి ఉంటే, సరిగ్గా ఇక్కణ్ణుంచి సామాను కట్టుకుని వెళ్ళిన నెలలోనే రెండోది వేయించుకోవాల్సి వచ్చేదని మాత్రం తోచింది. ఆయనకీ అదే తోచినట్టుంది.

శుక్రవారం పొద్దున్న మొదటి సూది. నర్సు నేర్పినట్టే మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆయన ఫ్రిజ్‌లోంచి పెన్ను తెచ్చారు. కొత్తిమీర డబ్బా పక్కన పెట్టినందుకు దానికి కాస్త ఆ వాసన పట్టింది.

"నేనివ్వనా?" అన్నారు. పెన్ను నా చేతికి అందించి కూడా వదల్లేదు.

"జరగండి అవతలికి," అన్నాను.

పొట్ట పట్టుకున్నాను. సూది చూశాను. చూడకూడదని బిల్కీస్ చెప్పింది కదా! చెమటకి వేళ్ళు జారుతున్నాయి. ఇంక లాభం లేదనిపించింది. పెన్ను దింపేసి ఆయన మొహంలోకి చూశాను.

"ఏదో ఒకటి మాట్లాడండి," అన్నాను.

"ఏం మాట్లాడను?"

"జనవరిలో ఎక్కడుందాం మనం?"

ఆయన కంగారుపడ్డారు. ఆలోచించారు. నేను ఆయన మొహం మీంచి కళ్ళు తియ్యలేదు.

"ఎక్కడైనా సరే," అన్నారు చివరికి, "కరెంటు పోని ఊరు చూసుకోవాలి శారదా. ఫ్రిజ్ ఆగకూడదు."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే గుచ్చేసుకున్నాను. చీమ కుట్టినంత. ఇంతోటి దానికా నేను రెండు నెలలు నిద్ర పోగొట్టుకుంది!

పెన్ను తీసుకుని ఆయన వెళ్ళిపోయారు. వంటింట్లో గిన్నె చప్పుడు, స్టవ్ వెలిగించిన చప్పుడు. కాసేపటికి ఒక వాసన వచ్చింది. జూన్ నుంచీ మా ఇంట్లో లేని వాసన.

గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. చేతిలో అదే పెద్ద గ్లాసు. లోపలికి అడుగుపెట్టడానికి ధైర్యం చాలడం లేదు.

"డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాను," అన్నారు. "ఈ సూదికీ పాలకీ సంబంధం లేదట. ఎప్పుడైనా తాగచ్చట. అనుమానమొచ్చి నర్సుని కూడా అడిగాను."

నేను చెయ్యి చాపాను. గ్లాసు అందుకున్నాను. మీగడ తీసి, నోరు కాలకుండా చల్లార్చి తెచ్చారు, ఎప్పట్లాగే. ఒక గుక్క తాగాను. ఆయన గుమ్మంలోనే నిలబడి నా గొంతువైపు చూస్తున్నారు.

"చక్కెర వెయ్యలేదేం?" అన్నాను.

గ్లాసు నా చేతిలోంచి లాక్కుని పరిగెత్తారు. డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. తర్వాత అంతా ఆగిపోయింది.

"ఎంత వెయ్యమంటావు శారదా?" అని అక్కణ్ణుంచే అడిగారు.

"ఒక చెంచా," అన్నాను. కాస్త ఆగి, "అడిగారు కాబట్టి, రెండు వెయ్యండి."